చెయ్యెత్తితే ఆగాలి

దువ్వెన చిక్కు దగ్గర ఇరుక్కోగానే పిచ్చుక చెయ్యెత్తింది. తల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నొప్పిగా ఉందా?"

"కొంచెం."

"సరే, ముందు చివర్లు విడదీస్తా. అద్దంలో చూస్తూ ఉండు. ఇప్పుడు దువ్వనా?"

"ఊఁ."

ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే జరిగే తంతే ఇది. ఐదేళ్ల పిల్లది ఉంగరాల జుట్టు. నిద్ర లేచేసరికి గూడులా తయారవుతుంది కాబట్టే ఆ పిల్ల అందరికీ పిచ్చుక అయింది. చెయ్యెత్తితే దువ్వెన ఆగాలన్నది తల్లీకూతుళ్ల ఒప్పందం. బడి బస్సు వీధి మలుపులో హారన్ కొడుతున్నా సరే, ఒప్పందం ఒప్పందమే. తల్లి కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. "చెవి వెనక చల్లగా తగులుతుందండీ" అని ముందే చెప్పకుండా ఎవరికీ ఫ్రేము తొడగదు. ఇంట్లోనూ అదే పద్ధతి.

"జుట్టు దువ్వడానికి ఇన్ని రాయబారాలా తల్లీ!" అంది నానమ్మ, కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ. "మా అమ్మయితే తలకాయ మోకాళ్ల మధ్య ఇరికించి బరబరా లాగేసేది. చచ్చామా?"

అని నవ్వింది, ఎప్పటిలాగే అరచేత్తో నోరు కప్పుకుని. ఆవిడవి కట్టుడు పళ్లని ఇంట్లో అందరికీ తెలుసు. అవి తీసిన నోరు మాత్రం కన్నకొడుకు కూడా చూడలేదు.

జడ వేయడం పూర్తయ్యాక తల్లి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"పిచ్చుకా, ఇవాళ సాయంత్రం మనం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నీ వెనక పన్ను మీద చిన్న నల్లమచ్చ ఉంది కదా, దాన్ని చూస్తారు."

పిచ్చుక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి ఒక్క మాటే బయటికొచ్చింది. "పటకారు!"

"పటకారేంటమ్మా?"

"పళ్లు సరిగ్గా తోముకోకపోతే డాక్టరు పటకారుతో పీకేస్తాడని నానమ్మ చెప్పింది. అన్నీ!" అని పరుగెత్తి బల్ల కింద దూరింది.

తల్లి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు గానీ ముఖం ఎర్రబడింది.

"అత్తయ్యా, వారం నుంచి దీన్ని సిద్ధం చేస్తున్నాను. కుర్చీ పైకీ కిందికీ వెళ్తుందన్నాను, దీపం వేస్తారన్నాను. మీరేమో ఒక్క పటకారుతో అంతా పీకేశారు!"

"నేనేం దాని శత్రువునా? బ్రష్షు పట్టుకోమంటే ఇల్లంతా పరుగు పెట్టిస్తుంది. ఏదో ఒక మాటన్నాను."

"భయపెడితే బ్రష్షు పట్టుకుంటుందేమో. నోరు తెరవాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తాం?"

కాఫీ గ్లాసుతో వంటింట్లోంచి వచ్చిన తండ్రి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎంత చిక్కు సమస్యకైనా ఒక మీట ఉంటుందని అతని నమ్మకం.

"దీనికింత గొడవెందుకు? పార్కుకని చెప్పి బండెక్కిద్దాం. అక్కడికెళ్లాక గట్టిగా పట్టుకుంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది."

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి నువ్వేం చెప్తావు? వచ్చేశాను, తలుపు దగ్గరే ఉన్నానని అబద్ధం చెప్తావా?" అంది భార్య.

"అమ్మో, చెప్పను. అరగంటైతే అరగంటనే చెప్తా. లేకపోతే తలుపులు బాదేస్తారు."

"మరి ఇది బాదదా?"

అతను గ్లాసులోకి చూసుకున్నాడు. "అది చిన్నపిల్లే..." అని గొణిగాడు.

"వద్దురా."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. నానమ్మ చేతిలోని గిన్నె పక్కన పెట్టి లేచింది. ఆవిడ గొంతు మారిపోయింది.

"పార్కని చెప్పొద్దు. నాకు రైలు చూపిస్తామని చెప్పారు. దీనంత ఉన్నాను. కొత్త గౌను వేశారు. మా బాబాయిలు చెరో చెయ్యీ పట్టుకుంటే సంబరపడ్డాను కూడా. తీరా చూస్తే ఆ చేతులు పళ్ల డాక్టరు కుర్చీలో అదిమి పట్టుకోవడానికి. నొప్పి ఎప్పుడో మర్చిపోయానురా. ఆ రైలు మాత్రం ఇంకా రాలేదు."

కొడుకు కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఒక్కో పన్నూ పుచ్చిపోతుంటే లవంగం నమిలి ఊరుకున్నాను. ఊడాల్సినవి ఊడాక, ఈ కట్టుడు పళ్లకే ఒకసారి కళ్లు మూసుకుని వెళ్లొచ్చాను. ఇప్పుడు దీనికీ అదే భయం నూరిపోశాను, చూడు నా తెలివి!"

కోడలు ఏదో అనబోయింది. అత్తగారు వినిపించుకోకుండా బల్ల పక్కన కష్టపడి కూర్చుంది.

"పిచ్చుకా, నాకు డాక్టరు కావాలి. నువ్వవుతావా?"

బల్ల కింది నుంచి పిచ్చుక తొంగి చూసింది. "పటకారు ఉండదు కదా?"

"ఉండదు. అద్దం, టార్చిలైటు. అంతే."

తల్లి దుకాణం సంచిలోంచి చిన్న గుండ్రటి అద్దం తీసి ఇచ్చింది. తండ్రి తన పనిముట్ల పెట్టెలోంచి టార్చి తెచ్చాడు. పిచ్చుక బయటికొచ్చి ఎదురుగా నిలబడ్డాక, నానమ్మ ఒక్కసారి తల వంచింది. మళ్లీ ఎత్తేసరికి కట్టుడు పళ్లు ఆవిడ అరచేతిలో ఉన్నాయి. బుగ్గలు లోపలికి పోయి ఆ ముఖం ఒక్కసారిగా ఎంతో ముసలిదైపోయింది. కొడుకు చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు.

"ఇది లైటు," అంది పిచ్చుక, అచ్చం తల్లిలాగే. "కళ్లలో పడదు. ఇది అద్దం. చల్లగా తగులుతుంది. ముట్టుకుని చూడు. నొప్పేస్తే చెయ్యెత్తు, ఆగుతా."

అద్దం లోపలికి వెళ్లింది. ఒకచోట తగలగానే నానమ్మ చెయ్యి పైకి లేచింది. ఆటకి ఎత్తిన చెయ్యి కాదది. పిచ్చుక టక్కున ఆగి, అద్దం బయటికి తీసేసింది.

నానమ్మ ఆ చిన్న చేతుల వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. కోడలి వైపు తిరిగి, బోసినోటితోనే అంది. "అయితే ఈ ఒప్పందం నిజంగానే పనిచేస్తుందన్నమాట."

సాయంత్రం నలుగురూ కలిసే వెళ్లారు. డాక్టరమ్మ కుర్చీ చూపించగానే పిచ్చుక నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేను చెయ్యెత్తితే ఆగాలి. సరేనా?"

"సరే," అంది డాక్టరమ్మ, నవ్వకుండా, పెద్దవాళ్లకి మాటిచ్చినట్టే.

పరీక్ష మధ్యలో పిచ్చుక చెయ్యెత్తింది. డాక్టరమ్మ వెంటనే ఆగింది.

"నొప్పా తల్లీ?"

"లేదు. ఆగుతారో లేదోనని ఊరికే చూశా."

అందరూ పకపకా నవ్వారు. మచ్చ చిన్నదే, ఇంకోసారి వస్తే శుభ్రం చేసి పూడ్చేస్తానంది డాక్టరమ్మ. పిచ్చుక కుర్చీ దిగకుండానే వేలు చాపింది.

"మా నానమ్మని కూడా చూడండి. లోపల ఎర్రగా పుండయింది. నేను పొద్దున చూశాను."

నానమ్మ అప్పటికే తలుపు వైపు రెండడుగులు వేసింది.

"అందుకా అత్తయ్యా, ఈమధ్య పాలల్లో నానబెట్టిన రొట్టె తప్ప ఏమీ ముట్టట్లేదు?" అని అడిగింది కోడలు. "నా వంట నచ్చట్లేదేమో అనుకున్నాను. నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే ఇక్కడికి తీసుకొస్తావుగా!"

"తీసుకురాను. మీరు వస్తానంటేనే వద్దాం."

నానమ్మ కోడలి ముఖంలోకి చూసింది. అక్కడ బలవంతం లేదు, అబద్ధం లేదు. తర్వాత కొడుకు వైపు చూసింది. అతను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, పక్కకి జరిగి తలుపుకి దారి ఇచ్చాడు. బయటికి వెళ్లే దారి కనిపించాకే ఆవిడ వెనక్కి తిరిగి, పిచ్చుక దిగిన కుర్చీ ఎక్కింది.

డాక్టరమ్మ ఏం చేయబోతోందో చెప్పి, అద్దం చూపించి, ముందుకు వంగింది. నానమ్మ చెయ్యి పైకి లేచింది. డాక్టరమ్మ ఆగింది. కొడుకు, కోడలు, మనవరాలు చూస్తున్నారు. ఒక్కరూ తొందరపెట్టలేదు.

"నొప్పిగా ఉందా అమ్మా?"

నానమ్మ కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల మీదికి జారుతున్నాయి.

"లేదమ్మా," అంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతూ. "ఆగుతారో లేదోనని ఊరికే చూశా."