ఇంకొకరు వస్తారు

రొట్టె, జున్ను, కాఫీ అమ్మే ఆ వీధి డెలీలో ఆదివారం పదకొండింటికి ఒంటరివాడికి టేబుల్ ఇవ్వరు. ఒక్కడే వచ్చాడంటే గోడవైపు తిరిగి ఉన్న ఎత్తు స్టూలు చూపిస్తాడు యజమాని. వారమంతా లిఫ్టు గోతుల్లో దిగి గోడలు చూసి చూసి విసిగిపోయిన మెకానిక్‌కు, సెలవు రోజున కూడా గోడే చూడమంటే ప్రాణం ఉసూరుమంది. అందుకే మొదటి వారమే అబద్ధమాడేశాడు.

"ఇద్దరమండీ. ఇంకొకరు వస్తారు."

ఆ ఇంకొకరు ఐదు నెలలుగా రాలేదు. రావడానికి అతనికి మనుషులేరీ? స్నేహితులకు పెళ్లిళ్లయ్యాయి, ఆదివారం ఫోనెత్తరు. రెండు కాఫీలు చెప్పి, రెండూ తనే తాగి, కౌంటర్ వెనక రొట్టె కోసే అమ్మాయిని దొంగచూపులు చూస్తూ కూర్చునేవాడు. అంతకు మించి నోరు పెగిలేది కాదు.

ఈ వారం ప్లేటు ఆమే పట్టుకొచ్చింది. గుడ్డు, జున్ను పెట్టి కాల్చిన రొట్టె. బయట సన్నగా చినుకులు.

"ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. ఆవిడ రాదు."

"ఎవరండీ?"

"మీరు ఎదురుచూసే ఆవిడ. ఐదు నెలలండీ. నేనైతే ఎప్పుడో నంబరు డిలీట్ చేసేదాన్ని."

"ఆవిడ లేదండీ."

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో... ఎప్పుడు పోయారు?"

"పోలేదండీ. అసలు పుట్టనే లేదు. టేబుల్ కోసం అలా చెప్పాను."

నవ్వుతుందేమోనని ఆశపడ్డాడు. నవ్వలేదు.

"ఆ లేని మనిషిని నేనెన్ని తిట్లు తిట్టుకున్నానో తెలుసా? మిమ్మల్నిలా చూడలేక, వచ్చే వారం నుంచి ఆదివారాలు రానని నిన్ననే ఓనర్‌కి చెప్పేశాను."

"ఎందుకు చూడలేక?"

"అది కూడా నేనే చెప్పాలా?" అని విసురుగా కౌంటర్ వెనక్కి వెళ్లిపోయింది.

అతను ప్లేటు పక్కకు నెట్టాడు. వచ్చే ఆదివారం అక్కడ ఇంకెవరో నిలబడతారు. ఇక ఇటు రావడానికి తనకు కారణమే ఉండదు. లేచి, టేబుళ్ల కోసం క్యూలో ఉన్నవాళ్లందరూ చూస్తుండగా యజమాని దగ్గరికి వెళ్లాడు.

"నేను ఒక్కణ్ణేనండీ. ఎప్పుడూ ఒక్కణ్ణే. ఎవరూ రారు. ఆ టేబుల్ వీళ్లకిచ్చేయండి."

ఎవరో కిసుక్కుమన్నారు. అతని చెవులు కాలిపోయాయి.

"ఈవిడ ఆదివారాలు మానేస్తానన్నది నా అబద్ధం వల్ల. మాననివ్వకండి. కావాలంటే నన్నే రావద్దనండి."

యజమాని కళ్లజోడు పైకి నెట్టుకుని వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, ఉంటావా, మానేస్తావా?"

రొట్టె కోసే కత్తి ఆగింది.

"ఉంటానండీ. ఇవాళ మాత్రం రెండింటికే వెళ్లిపోతాను." తర్వాత మెకానిక్ వైపు చూసింది. "మా అమ్మ మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి లేస్తుంది, మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్తాను. అబద్ధం ఇట్టే పట్టేస్తుంది. ఈలోపు నాలుగు నిజాలు చెప్పడం నేర్చుకోండి."

"ఒకటి ఇప్పుడే చెప్పనా?"

"క్యూ చూశారుగా. తొందరగా చెప్పండి."

ఐదు నెలలుగా ఎవరి కోసం వస్తున్నాడో చెప్పాడు. క్యూ మొత్తం విన్నది. ఎవరూ తొందరపెట్టలేదు.