గుల్లిళ్ల వరుస

సముద్రం భీమిలి రోడ్డును మింగి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడా తీరాన ఇళ్లే నడుస్తాయి. పోటుకి మెట్ట ఎక్కుతాయి, ఆటుకి దిగుతాయి. సున్నపు పెంకుతో పెరిగే ఈ గుల్లిళ్లను డాక్టర్ వాసుపల్లి దానయ్య, ఖాళీ గుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలను చూసి కనిపెట్టాడు. పెద్ద గుల్ల ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తే పీతలు సైజువారీగా వరుసకట్టి, ఒకటి విడిచిన గుల్లలో ఇంకొకటి దూరతాయి. దేనికీ రెండుండవు. పీతకున్న బుద్ధి మనిషికి లేదని తెలుసు గనక, ఆ నీతిని ఆయన ఇళ్లలోని గ్రాహకాలకు, అంటే సెన్సర్లకు నేర్పాడు. ఖాళీ ఇల్లు వరుసలో తర్వాతివాళ్లకో, నిలువనీడ లేనివాళ్లకో దానంతటదే తెరుచుకుంటుంది. మనిషున్న ఇల్లు ఆ మనిషి చెబితేనే తెరుచుకుంటుంది.

ఆవేళ ఎనిమిది గదుల కొత్త గుల్లిల్లు ఆయనకే దక్కింది. ఆయన మారితే వెనకవాళ్లంతా తలో మెట్టు ఎక్కుతారు. చిట్టచివరి చిన్న గుల్ల మిగులుతుంది. ఇల్లు కొట్టుకుపోయిన నూకరత్నం, ఆమె తోడికోడలు ఎర్రమ్మ దానికోసమే ఒక టార్పాలిన్ కింద మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డారు. తుఫాను పోటు పెరుగుతోంది.

దానయ్య కొత్తింట్లో చేరినా వరుస కదల్లేదు. విసుక్కుంటూ బయటికొచ్చి, వరుసలో తన వెనకే ఉన్న పోలారావు మీద విరుచుకుపడ్డాడు.

"ఖాళీ చెయ్యవేం? అంటుకుపోయావా?"

"నానేటి సేసేది బాబూ? మీ పాతిల్లు తెరుసుకోనేదు. నాను గాల్లో కాపరమెట్టాలా?"

దానయ్య పాతింటికి పోయి చూస్తే, లోపల భార్య హైమావతి తీరిగ్గా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"కూర్చున్నాను. మనిషుంటే ఇల్లు మనదే అన్నది మీరేగా. రేపా కొత్తది కారితే?"

జీవితమంతా మనుషుల ఆశను తిట్టిపోసిన నోరు అది. తెరిచాడు. కొండవైపు కిటికీని, పొడిగా ఉన్న నేలను ఒకసారి చూసుకున్నాడు.

"కిటికీ వేసుకో. బయటికి కనిపిస్తున్నావు" అన్నాడు.

తిరిగొచ్చేసరికి కొత్తింటి తలుపు మూసుంది. టార్పాలిన్ కొస ఎర్రమ్మ చేతిలో వదిలేసి నూకరత్నం లోపల దూరింది.

"అది నా ఇల్లే, నూకరత్నం."

"మీరు బయటున్నారు గదా బాబూ. అదే తెరుసుకుంది, ఒచ్చీసినాను."

దానయ్య ఇంటిని తిట్టాడు, దాన్ని చేసిన చేతుల్ని తిట్టాడు, పాతింటికి పోయాడు. ఎక్కడివాళ్లు అక్కడే తలుపులు బిగించుకున్నారు.

నూకరత్నం తడిచీర పిండి ఒక గదిలో, రవికె ఇంకో గదిలో ఆరేసింది. ఇల్లు మర్యాదగా అడిగింది: "వాకిట్లో ఎర్రమ్మ ఉంది. నీళ్లు నడుం దాటాయి. తలుపు తియ్యనా?"

నూకరత్నం ఎనిమిది గదులూ కలయజూసింది.

"నిండిపోనాదని సెప్పు."