ఇంకా తిరుగుతోంది

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురం. వరండాలో మంచం మీద నాయనమ్మ. కిటికీ పక్కన కుర్చీలో దగ్గుతూ నాన్న. వంటింట్లో అమ్మ. మేడ మీద పెట్టిన తెల్ల పళ్ళెంలో బూడిద పడిందేమోనని చూస్తూ అక్క. మెట్ల మీద నేను. పుట్టినప్పటి నుంచీ మాతో పాటే ఉన్న హోరు మాత్రం లేదు. అది పోయి నాలుగు రోజులైంది.

మా వీధి చివర ఉన్న బొగ్గు కరెంటు ప్లాంటుది ఆ హోరు. నలభై రెండేళ్ళు ఆగకుండా మోగింది. దాని మీద వినపడాలని ఊళ్ళో అందరూ అరిచి మాట్లాడేవారు. ఇప్పుడు అది ఆగినా అలవాటు పోలేదు. "ఉప్పు డబ్బా ఎక్కడే?" అని అమ్మ అరుస్తుంది. తన గొంతుకు తనే ఉలిక్కిపడి వెనక్కి చూస్తుంది. వెనక ఎవరూ ఉండరు.

"అది పోలేదే," అంటుంది నాయనమ్మ, చెవి గోడకు ఆనించి. "గొంతు తగ్గించుకుని ఎక్కడో కూర్చుంది."

ఆ మాటకు నాకు వీపు మీద చలి పాకేది. నేనేమీ అనేదాన్ని కాదు. నేను మామూలుగానే ఏమీ అనను.

అక్క ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఊరి కమిటీలో రిజిస్టరు రాసేది కూడా తనే. బొగ్గు మోసే బెల్టు దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ నాన్నలాగే దగ్గు పట్టుకున్నాక, ఊరు పోరాడి సాధించుకున్న కమిటీ అది. ఎప్పుడైనా ప్లాంటులోకి వెళ్ళొచ్చు, చూడొచ్చు, చూసింది రాయొచ్చు.

ప్లాంటు తరఫున ప్రతి శుక్రవారం కాగితాలు పట్టుకుని మా ఇంటికి ఒక ఇంజినీరు వచ్చేవాడు. పసుపు హెల్మెట్ తీయడం మర్చిపోయి వచ్చేవాడు కాబట్టి నాయనమ్మ అతన్ని టోపీ అబ్బాయి అనేది. రెండేళ్ళ క్రితం మొదటిసారి వచ్చినప్పుడే అక్క పట్టుకుంది.

"మీ కాగితంలో ఉన్న బూడిద మా పళ్ళెంలో పడ్డదాంట్లో సగమే ఉంది. మిగతా సగం ఎవరింటికి పంపారు?"

"పళ్ళెం చీపురు పక్కన పెడితే అంతే పడుతుందండీ!"

"మా చీపురు జోలికి రాకండి!"

హోరు మీద అరుచుకోవడంతో వీధి వీధంతా ఆనందించింది. మర్నాడు అతనే మేడెక్కి పళ్ళెం చూశాడు. వెళ్ళి తన మీటరు విప్పి చూసుకున్నాడు. తర్వాతి శుక్రవారం తలొంచుకుని వచ్చి, "మీ పళ్ళెమే రైటండీ. తప్పు మాదే," అని రాసి సంతకం పెట్టాడు. అప్పటి నుంచి అక్క అతన్ని తిట్టడం మానలేదు కానీ టీ ఇచ్చి తిట్టేది.

"తిట్టడానికి జడ మళ్ళీ వేసుకోవాలా?" అని అమ్మ అడిగితే, "దుమ్ము పడిందమ్మా," అనేది.

ప్లాంటు ఆపేశాక ఇక మిగిలింది ఒక్క కాగితం. లోపల యంత్రాలన్నీ ఆగిపోయాయని కమిటీ తరఫున అక్క చూసి సంతకం పెట్టాలి. పెడితే ప్లాంటు శాశ్వతంగా మూతపడినట్టు. మర్నాడు పొద్దున అక్కడ మిగిలిన ఎనిమిది మంది సిబ్బందీ ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతారు. టోపీ అబ్బాయికి వచ్చింది రెండు రోజుల రైలు ప్రయాణమంత దూరం. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

మధ్యాహ్నం మూడింటికి టైలర్ మావయ్య వచ్చాడు. కమిటీ పెద్ద ఆయనే. మెడలో టేపు తీయకుండానే పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మాయ్, బయల్దేరు. వాచ్‌మన్ గేటు వదిలేసి వచ్చేశాడు. లోపల ఏదో ఊపిరి తీస్తోందట!"

నాన్న కుర్చీలోంచి లేవబోయాడు. దగ్గు తెర కూర్చోబెట్టింది. "మళ్ళీ... మొదలెట్టారా?"

"చూసొస్తా నాన్నా. ఉన్నది ఉన్నట్టే రాస్తా," అంది అక్క. టార్చి నా చేతిలో పెట్టింది. "నువ్వూ పద."

ప్లాంటు లోపల బొగ్గు బెల్టు పక్కన బూడిద మీద కాకి అడుగులు తప్ప మనిషి అడుగు లేదు. కంట్రోల్ రూములో గోడ మీది నాలుగు గడియారాలూ పదకొండు గంటల పది నిమిషాల దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. కొక్కేలకు హెల్మెట్లు వరసగా వేలాడుతున్నాయి. పిలిస్తే అన్నీ ఒకేసారి ఇటు తిరుగుతాయేమో అనిపించింది. టర్బైన్ హాలు గుమ్మం దగ్గర టైలర్ మావయ్య ఆగాడు.

"నాకు మోకాళ్ళ నొప్పమ్మా. మీరెళ్ళండి."

లోపల చీకటి. ఆ చీకట్లో నిజంగానే ఏదో ఊపిరి తీస్తోంది. హూ... అని లాగి, ఆగి, మళ్ళీ హూ... నా టార్చి వెలుగు వెళ్ళి ఒక పెద్ద ఇనుప దేహం మీద పడింది. మూత సందులోంచి ఇరుసు కనిపిస్తోంది. దాని మీద సుద్దతో గీసిన తెల్ల గీత. మెల్లగా పైకి వచ్చింది. మెల్లగా కిందికి దిగి మాయమైంది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

నేను అక్క చున్నీ పట్టుకున్నాను.

"భయపడకండి," అంది చీకటి. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని టోపీ అబ్బాయి నేల మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నీ ఆగిపోయాయని మీరే కదండీ రాసిచ్చింది?" అక్క గొంతు హాలంతా తిరిగి మా దగ్గరికే వచ్చింది. మాకు తెలియని మనిషి అడిగినట్టుంది.

"బాయిలర్ ఆగిపోయింది. దీన్ని మాత్రం బయటి కరెంటుతో చిన్న మోటారు పెట్టి తిప్పుతున్నాను. వేడి మీద కదలకుండా వదిలేస్తే సొంత బరువుకే ఇరుసు వంగిపోతుందండీ. చల్లారేదాకా తిప్పాలి."

"తుక్కుకి పోయేదాని నడుం వంగితే ఎంత, వంగకపోతే ఎంత?"

"ఇన్నేళ్ళు తిరిగింది. వంకరగా పంపించబుద్ధి కాలేదు."

అక్క రిజిస్టరు తెరిచి 'ఇంకా తిరుగుతోంది' అని రాసింది. తర్వాత ఇనుము మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు ఉంచింది.

"చల్లగా ఉంది," అంది.

అతను ఒళ్ళోని హెల్మెట్ అటూ ఇటూ తిప్పాడు.

"ఎన్ని రోజులు పడుతుంది చల్లారడానికి?"

"మూడు."

"అంటే నిన్నే చల్లారిపోయింది. మరి ఇంకా ఎందుకు తిప్పుతున్నారు?"

హూ... అంది ఇనుము. తెల్ల గీత వచ్చి వెళ్ళింది.

"ఆపితే మీరు సంతకం పెట్టేస్తారు కదండీ," అన్నాడతను.

నా టార్చి కింద పడిపోయింది. తీసేసరికి అక్క ముఖం కనబడకుండా అటు తిరిగి ఉంది. ఇప్పుడు ఆపవద్దంటే ఇంకో రోజు ఉంటాడు. ఇంకో వారం కూడా ఉంటాడేమో. అక్కడ కుర్చీలో నాన్న దగ్గుతూ, ప్లాంటు మళ్ళీ మొదలైందని భయపడుతూ ఎదురుచూస్తున్నాడు.

"ఆపండి," అంది అక్క.

అతను లేచి వెళ్ళి బటన్ నొక్కాడు. తెల్ల గీత పైకి వచ్చింది. సగం దిగింది. అక్కడే నిలిచిపోయింది. అప్పుడొచ్చిన నిశ్శబ్దం చెవుల్లో చన్నీళ్ళు పోసినట్టుంది. అక్క రాసిన దాని కింద, 'నాలుగూ పదికి ఆగింది' అని రాసి సంతకం పెట్టింది. అక్షరాలు వంకర పోయాయి.

ఇంటికొచ్చి, "ఆగిపోయింది నాన్నా," అని మాత్రం చెప్పింది. మేడెక్కి, ఏమీ లేని పళ్ళాన్ని కడిగింది. మళ్ళీ కడిగింది. అమ్మ కింద నుంచి చూసింది గానీ పిలవలేదు.

సాయంత్రం వీధిలో అడుగుల చప్పుడు వినిపించింది. మా వీధిలో మనిషి అడుగులు ఇంత స్పష్టంగా వినడం నాకదే మొదటిసారి. చాలా దూరం నుంచి, ఎవరూ కనిపించకుండా, ఒక్కొక్కటే మా ఇంటి వైపు వస్తున్నాయి. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మలుపు తిరిగాక చూస్తే అతనే.

"ఇంకేమైనా సంతకం మిగిలిందా బాబూ?" అన్నాడు నాన్న.

"లేదండీ. ఈరోజు కాగితాలు తేలేదు. మీ అమ్మాయిని ఒక మాట అడగాలి. మీరు సరే అంటేనే."

నాన్న అతన్ని పైకీ కిందికీ చూశాడు. "నన్నడిగి ఏం లాభం? మా ఇంట్లో సంతకాలన్నీ అదే పెడుతుంది."

అక్క తడి చేతులతో దిగి వచ్చింది. "లోపలికి రండి," అంది. ముందు గదిలో ఇద్దరూ నిలబడ్డారు. గుమ్మంలో నేను.

అతను నోరు తెరిచేలోపే అక్క అడిగింది. "అక్కడిది కూడా బొగ్గు ప్లాంటేనా?"

"అవునండీ."

"ఎన్నేళ్ళది?"

"ముప్పై ఎనిమిది."

"ఊరి కమిటీ ఉందా?"

"లేదండీ."

అక్క చేతులు చున్నీకి తుడుచుకుంది. తొందరపడకుండా, ఒక్కో వేలూ తుడుచుకుంది.

"అయితే నేనొచ్చి పెట్టిస్తాను," అంది.

వంటింట్లో అమ్మ గరిటె జారవిడిచింది. అతనికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అయ్యాక, అంత పెద్ద ఇంజినీరూ ఏం చెయ్యాలో తెలియక గోడకున్న స్విచ్ వేసి, మళ్ళీ ఆర్పాడు.

అప్పుడు చూసింది అక్క నన్ను.

"నువ్వేంటే, కళ్ళు అంతేసి చేసుకుని! ఇదంతా డైరీకెక్కిస్తావు, నాకు తెలీదూ? పో!"

అని, నా ముక్కుకు బెత్తెడు దూరంలో తలుపు వేసేసింది.