కావాలంటే దీన్ని తీసుకో

ఓడ ఎక్కే వంతెన దగ్గరే లాయరమ్మకు మొదటి తగాదా అయింది.

పైన ఎండ, చేతుల్లో సంచులు, వెనక తోసుకొస్తున్న జనం. ఇంకా కాలు లోపల పెట్టనేలేదు, మెడలో కెమెరా వేలాడేసుకున్న ఒక పిల్ల ఎదురొచ్చి, "ఇటు చూడండమ్మా... కొంచెం నవ్వండి!" అంది. నవ్వు మాట దేవుడెరుగు, లాయరమ్మ కళ్ళెర్రజేసింది.

"అడిగావా నన్ను? నా మొహం మీద నీకేం హక్కుంది?"

కోర్టులో ఎదుటి పక్షానికి మూడు చెరువుల నీళ్ళు తాగించిన నోరది. నల్లకోటు విప్పేసినా నోటికి మాత్రం విశ్రాంతి లేదు. ఆ పిల్ల బిక్కచచ్చి పక్కకు తప్పుకుంది.

"పోనీలే అక్కా. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు," అంది పక్కనున్న చెల్లెలు.

"ఇది ఊరు కాదు, ఓడ."

అరవై దాటినా ఆ చెల్లెలు అందరికీ బుల్లే. కిందటేడు పెద్ద జబ్బు చేసి మంచం పట్టింది. మందుల వేడికి జుట్టంతా రాలిపోయింది. పెళ్ళీ పెటాకులూ లేని లాయరమ్మే ఆస్పత్రిలో మంచం పక్కన కుర్చీ వేసుకుని, డాక్టర్లతో కొట్లాడి, చెల్లెల్ని చావు నోట్లోంచి లాక్కొచ్చింది. ఇప్పుడు నయమైంది. జుట్టు పిచ్చుక ఈకల్లా పొట్టిగా, మెత్తగా మళ్ళీ మొలిచింది. "నేను బతికే ఉన్నానని నాకే నమ్మకం కుదరాలక్కా. ఎవరు ఎన్ని ఫోటోలు తీస్తామన్నా తీయించుకుంటా," అనేది బుల్లి. గాలి మార్పుకని ఇద్దరినీ ఓడ ఎక్కించింది బుల్లి కూతురే.

భోజనాల హాల్లో వాళ్ళ బల్ల దగ్గరే రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన, ఆయన భార్య కూర్చునేవారు. ఆయనకీ ఫోటోలవాళ్ళంటే ఒళ్ళుమంట.

"ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, దొంగలా పక్కనుంచి వచ్చి క్లిక్కుమనిపించాడు. తీరా చూస్తే ఆ బుగ్గలేంటి, ఆ కళ్ళేంటి! పంటి నొప్పితో ఏడుస్తున్నట్టున్నాను," అన్నాడాయన.

"తీసింది చాలక గోడకి తగిలించడం ఒకటి, పదిమందీ చూసి నవ్వుకోడానికి. నా పక్కన ఎవరో పరాయి మగాణ్ణి నిలబెట్టి, మా దంపతుల ఫోటో అని ఫ్రేము కట్టేశారు," అంది ఆయన భార్య.

"ఆయన నాకంటే బావున్నాడు, అదీ దీని బాధ," అన్నాడు మేనేజరు. బుల్లి నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వకండి," అంది లాయరమ్మ. "వీళ్ళకంటే రాబందులు నయం. అవి చచ్చేదాకా ఆగుతాయి."

పై అంతస్తు నడవాలో గోడ పొడవునా ప్రయాణికుల ఫోటోలే. లాయరమ్మ అక్కడికి వెళ్ళి, తన మొహం ఎక్కడ కనబడినా దాన్ని గోడవైపుకు తిప్పేసి వచ్చేది. వంతెన దగ్గర తిట్లు తిన్న ఆ పిల్ల చూసేది గానీ ఏమీ అనేది కాదు.

ఒక సాయంత్రం ఓడలో పెద్ద విందు పెట్టారు. బుల్లి ఆకుపచ్చ పట్టు కట్టుకుంది, చెవులకు ముత్యాలు పెట్టుకుంది. హాలు గుమ్మం దగ్గర నలుగురు కెమెరాలవాళ్ళు మాటు వేసి ఉన్నారు. దూరం నుంచే వాళ్ళను చూసి లాయరమ్మ చెల్లెలి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"అటు వద్దు. ఇక్కడేదో దారుంది, రా."

లిఫ్టుల వెనకాల బరువైన ఒక తలుపు. దాని వెనక పాతకాలం చెక్కమెట్లు పైకి తిరుగుతున్నాయి. తలుపు మూసుకోగానే బయటి సంగీతం ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. నేల మీద పరిచిన తివాచీ చెమ్మగిల్లి ఉంది. తడి గుడ్డ వాసన, దాని వెనక పాత ఫోటో స్టూడియోల్లో వచ్చే పుల్లటి మందు వాసన. ఎక్కడో కింద ఇంజను మూలుగు. అడుగు వేసినప్పుడల్లా చెక్క కిర్రుమంటోంది.

మలుపులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

నల్ల సూటు, తెల్ల చేతితొడుగులు. ముందు మూడుకాళ్ళ మీద పాత కెమెరా. మొహం మీద వెలుతురు సరిగ్గా పడటం లేదు. మిగతావాళ్ళలా మీదికి రాలేదు, నవ్వమనలేదు. తల కొంచెం వంచి, మెల్లగా అడిగాడు.

"ఒకర్ని తీసుకోనా అమ్మా?"

ఇక్కడ కూడా తయారయ్యారే అని లాయరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నన్నొదిలెయ్. కావాలంటే దీన్ని తీసుకో," అంది.

బుల్లి నవ్వుకుంటూ మెట్టు మీద సర్దుకుని నిలబడింది. పట్టు కొంగు ముందుకు తీసుకుంది. క్లిక్కుమన్న చప్పుడు రాలేదు. చిన్న తలుపుకు లోపలినుంచి గడియ పడ్డట్టు వచ్చింది.

"సంతోషమమ్మా," అన్నాడతను.

విందులో బుల్లి పెద్దగా మాట్లాడలేదు. చలిగా ఉందంది.

మర్నాడు ఓడ ఒక రేవులో ఆగింది. ఊరు చూసి అందరూ తిరిగొచ్చారు. ఓడ ద్వారం దగ్గర ఒక యంత్రం ఉంటుంది. మనిషి ఎదురుగా నిలబడితే మొహం పోల్చుకుని పచ్చదీపం వెలిగిస్తుంది. లాయరమ్మకు వెలిగింది. బుల్లికి వెలగలేదు.

"ఇంకొంచెం దగ్గరికి రండమ్మా," అన్నాడు కాపలావాడు. బుల్లి దగ్గరికి వచ్చింది. "మనిషిని చూపించమంటే గోడ చూపిస్తోందేమిటి!" అని యంత్రం మీద చేత్తో కొట్టాడు. తెరమీద బుల్లి వెనకున్న గోడ మాత్రం కనబడుతోంది. విసుగొచ్చి కార్డు చూసి పంపేశాడు.

గదికి వచ్చాక లాయరమ్మ తన ఫోనుతో చెల్లెల్ని ఫోటో తీసింది. జన్మలో మొదటిసారి తనంతట తాను తీసిన ఫోటో. మంచం వచ్చింది, దిండు వచ్చింది. దిండు మీద నొక్కుకుపోయిన గుంట వచ్చింది. బుల్లి రాలేదు.

"ఎలా పడ్డానక్కా?" అంది బుల్లి.

"బాగా పడ్డావు," అని ఫోను బోర్లించేసింది లాయరమ్మ.

ఆ పూట నుంచి కథ ఇంకా ముదిరింది. లిఫ్టు తలుపులు బుల్లి ఎక్కుతుండగానే మూసుకుపోయాయి. భోజనాల హాల్లో వడ్డించే కుర్రాడు లాయరమ్మ ముందు పళ్ళెం పెట్టి వెళ్ళిపోయాడు. మేనేజరు కుర్చీ లాక్కుంటూ, "మీ చెల్లెలుగారు రాలేదే? ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

బుల్లి ఆయన ఎదురుగానే కూర్చుని ఉంది.

"ఇక్కడే ఉన్నానండీ," అంది. ఆయన ఆ వైపు చూడనైనా లేదు. ఉప్పు డబ్బా అందుకోవడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి బుల్లి మొహాన్ని దాదాపు రాసుకుంటూ పోయింది.

"అక్కా..." అంది బుల్లి. "నేను మళ్ళీ చచ్చిపోతున్నానా?"

లాయరమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని లేచింది. ఆ చెయ్యి ఐసుముక్కలా ఉంది. బుల్లిని గదిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తిన్నగా ఫోటోల నడవాకు వెళ్ళింది. ఆ కెమెరా పిల్ల ఒక్కతే గోడకి ఫోటోలు తగిలిస్తోంది. లాయరమ్మను చూసి, మళ్ళీ తిట్లే అనుకుందేమో, రెండడుగులు వెనక్కి వేసింది.

"లిఫ్టుల వెనక మెట్ల మీద ఉండే నల్ల సూటు మనిషి... మీవాడేనా?"

పిల్ల మొహంలో నెత్తుటి చుక్క లేదు. అటూ ఇటూ చూసి గుసగుసగా అంది.

"మావాళ్ళెవరూ ఆ మెట్లెక్కరమ్మా. ఆయన అడిగితే వద్దనాలి, అంతే. ఇంకొక్క మాట అనకూడదు. మీరేమన్నారు?"

తను అన్న మాట అప్పుడు లాయరమ్మ చెవిలో మోగింది. అతను ఫోటో అనలేదు. తీయనా అనలేదు. ఒకర్ని తీసుకోనా అన్నాడు. తీసుకో అని తనే అంది. జీవితమంతా మాటల్లో కిటుకులు వెతికి బతికిన మనిషి... కోపంలో ఒక్క కిటుకు చూసుకోలేకపోయింది.

"ఇప్పుడేం చెయ్యాలే?"

"తెలీదమ్మా. తిరిగి ఇమ్మని అడిగినవాళ్ళు ఎవరూ లేరు."

జనమంతా భోజనాల దగ్గర ఉన్నారు. లాయరమ్మ ఆ బరువైన తలుపు తోసింది. అదే తడి వాసన, అదే పుల్లటి మందు. ఈసారి ఇంజను మూలుగు వినబడలేదు. ఓడ ఊపిరి బిగబట్టినట్టుంది.

కిర్రు... కిర్రు...

మలుపులో ఎవరూ లేరు. గోడ నిండా ఫ్రేములు. మొన్న ఇవి ఇక్కడ లేవు. అన్నిట్లోనూ ఇవే మెట్లు. మెట్టుకొక మనిషి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పాతకాలం టోపీల వాళ్ళు. ఎవరూ నవ్వడం లేదు. అందరి నోళ్ళూ సగం తెరిచి ఉన్నాయి. ఏదో చెప్పబోతుంటే ఆపేసినట్టు.

చివరి ఫ్రేములో ఆకుపచ్చ పట్టు.

"బుల్లీ..."

అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. నోటి దగ్గర. చూస్తూ ఉండగానే ఆ ఆవిరి కొంచెం పెరిగింది... కొంచెం తగ్గింది. పెరిగింది... తగ్గింది.

"మీరే ఇచ్చారు కదమ్మా."

గొంతు వెనకనుంచి వచ్చింది. చాలా దగ్గరినుంచి. లాయరమ్మ వెనక్కి తిరగలేదు.

"ఆ మాటకి అర్థం అది కాదు," అంది.

"మాటే కదమ్మా ఉండేది. అర్థం ఎవరికి కావాలి?"

"దానికి బదులు నన్ను తీసుకో."

మెడ వెనక చల్లటి ఊపిరి తగిలింది. "మిమ్మల్ని వదిలెయ్యమన్నారు. వదిలేశాను. రెండు మాటలు మాట్లాడకూడదు," అన్నాడు. అందులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

ఇక వాదించి లాభం లేదని లాయరమ్మకు అర్థమైంది. కాలి చెప్పు తీసి, మడమ వైపుతో అద్దం మీద బలంకొద్దీ కొట్టింది. అద్దం భళ్ళుమంది. వేళ్ళు తెగాయి. లోపలి కాగితం తడిగా, మెత్తగా, చర్మంలా తగిలింది. పట్టుకుని లాగింది. గోడ మీది ఫ్రేములన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

అతను ఆపలేదు. చెయ్యి కూడా చాపలేదు. మెల్లగా అన్నాడంతే.

"ఎవర్ని తీసుకెళ్తున్నారో చూసుకోండమ్మా..."

లాయరమ్మ చూడలేదు. కాగితాన్ని గుండెకు హత్తుకుని మెట్లమీద పడుతూ లేస్తూ పరుగెత్తింది. వెనక ఎన్నో గొంతులు ఒక్కసారి గుసగుసమన్నాయి. వాటిలో "అక్కా" అన్న పిలుపు ఒకటి ఉన్నట్టనిపించింది. తలుపు నెట్టుకుని బయట పడింది. సంగీతం, వెలుతురు, చిన్నపిల్లల అరుపులు.

గదిలో బుల్లి మంచం మీద లేచి కూర్చుని ఉంది. బుగ్గలకు రంగు వచ్చింది. "ఆకలేస్తోందక్కా," అంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. లాయరమ్మ చేతిలోని కాగితం మీద ఖాళీ మెట్లు మాత్రమే మిగిలాయి. దాన్ని ముక్కలు ముక్కలు చేసి సముద్రంలో పారేసింది. తర్వాత చెల్లెల్ని కావలించుకుని, తండ్రి పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చింది.

మర్నాడు వడ్డించే కుర్రాడు రెండు పళ్ళేలు పెట్టాడు. మేనేజరు, "ఆఁ, కోలుకున్నారా! మీరు లేకపోతే మా బల్ల వెలవెలబోయింది," అన్నాడు. ఫోటోల పిల్ల ఎదురుపడితే లాయరమ్మ తలవంచి, "తప్పయిందే, నోరు జారాను," అంది. ఆ పిల్ల నవ్వింది. బుల్లి వైపు చూసి మళ్ళీ నవ్వబోయి, ఎందుకో కెమెరా సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

దిగే రోజు పలచగా పొగమంచు పట్టింది. ద్వారం దగ్గర యంత్రం బుల్లిని చూసి వెంటనే పచ్చదీపం వెలిగించింది. "చూశావా అక్కా," అంది బుల్లి. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వంతెన దిగి, సామాన్ల షెడ్డులోకి వచ్చారు. లాయరమ్మకు గుండెల మీది బండ దిగినట్టయింది. ఈ చెయ్యి ఇంటిదాకా వదలకూడదనుకుంది.

ఫోను మోగింది. బుల్లి కూతురు. బయట కారు దగ్గర నిలబడి చేస్తోంది.

"పెద్దమ్మా, ఎక్కడున్నారు?"

"సామాన్ల దగ్గరున్నామే. వచ్చేస్తున్నాం."

"నువ్వొక్కదానివే దిగావా? అమ్మ ఇంకా ఓడమీదే ఉందేంటి?" అంది బుల్లి కూతురు. "ఇక్కణ్ణుంచి కనబడుతోంది. రెయిలింగు పట్టుకుని చెయ్యూపుతోంది... ఊపడం కాదు పెద్దమ్మా. నిన్నే, వెనక్కి రమ్మని పిలుస్తోంది."

లాయరమ్మ తల తిప్పలేదు. చేతిలో ఉన్న చెయ్యి మెల్లగా బిగిసింది.

"ఫోనులో ఎవరక్కా?" అని అడిగింది, పక్కన ఉన్నది.