రాయి మొహం కదిలిన సాయంత్రం

అన్నను లిఫ్టులో కాల్చి చంపారు. ఆ కబురు వచ్చేసరికి తమ్ముడు టీ తాగుతున్నాడు. కప్పు దింపకుండా మిగతాది కూడా తాగేశాడు.

తప్పు అతనిది కాదు, అన్నదమ్ములిద్దరూ పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్ డాక్టరుది. శత్రువుల ముఠా ఒక టీవీ స్టూడియో ముసుగులో పనిచేస్తోంది. దాని గేటు కెమెరా మొహాల్లో భయాన్ని ఇట్టే పసిగడుతుంది. అతన్ని ఆ గేటు దాటించడానికి అంతకుముందే ఇంజెక్షన్లు పొడిచి అతని మొహం కదలకుండా చేశారు. నుదురు ముడుచుకోలేని మనిషికి భయం సరిగ్గా అందదట. భయంతో పాటు దుఃఖమూ అందలేదు. శవం దగ్గర వదిన అతని వంక చూసి, "నీకు రాయి అని ఊరికే పేరు పెట్టలేదయ్యా" అంది. ఆ మాటా అతనికి ఎక్కడా తగల్లేదు.

"మిషన్ సింపుల్," అన్నాడు చీఫ్. "ఆరింటికి రైల్వే స్టేషన్ కింద గ్యాస్ సిలిండర్లు పేలతాయి. రిమోట్ స్టూడియో మేకప్ రూమ్‌లో ఉంది. వేలు పెడితే ఆగుతుంది, కానీ నాడి నెమ్మదిగా ఉండాలి. గుండె దడదడలాడిందా, అప్పుడే పేలుతుంది."

"స్టేషన్ ఖాళీ చేయిస్తే?"

"వాళ్ళకు తెలిస్తే ముందే నొక్కేస్తారు. మీ వదిన కూడా అక్కడే ఉంది. పుట్టింటికి వెళ్తోంది."

"సరే సర్," అన్నాడు రాయి.

మేకప్ మ్యాన్ వేషంలో, బ్రష్షుల పెట్టె మోసుకుంటూ న్యూస్ రీడర్ వెనకే వెళ్ళాడు. ఆమె నవ్విందంటే ఊరు ఊరంతా టీవీకి అతుక్కుపోతుంది. ముఠా ఉప్పు తింటూనే అన్నకు రహస్యాలు చేరవేసిన డబుల్ ఏజెంట్ ఆమె. గేటు కెమెరాలో పచ్చలైటు వెలిగింది.

అద్దం వెనక రిమోట్ దొరికింది. బొటనవేలు చాచాడు. అంతలో అద్దంలో అతని కనుబొమ్మ అదిరింది. మందు దిగిపోతోంది. నుదురు ముడతపడింది, ఆ వెంటే భయం వచ్చి కూర్చుంది. నాడి చూపే చేతిగడియారం ఎర్రబడింది.

"నవ్వు," అంది న్యూస్ రీడర్.

"ఇప్పుడు నవ్వెలా వస్తుందండీ?"

"వచ్చాక నవ్వడం కాదు, నవ్వితే వస్తుంది. కెమెరా ముందు వణుకు పుడితే నేను చేసే పని ఇదే." బ్రష్షు కాడను అతని పళ్ళ మధ్య అడ్డంగా పెట్టింది. "పెదాలు తగలనీకు. ఊపిరి వదులు."

బుగ్గలు పైకి లేచాయి. అద్దంలో ఒక వెర్రిబాగులవాడు కనిపించాడు. వాణ్ణి చూసి అతనికి నిజంగానే నవ్వొచ్చింది. నాడి దిగింది. గోడ గడియారం ముల్లు ఆరు మీదికి జరగబోతుండగా వేలు పెట్టాడు. రిమోట్ ఆరిపోయింది.

ఇద్దరూ తిరిగి వస్తుంటే గేటు కెమెరా ఎర్రగా మెరిసింది. అతని పెదవి వణుకుతోంది. కన్నీళ్ళు ధారకడుతున్నాయి, ఆపుకోవడం చేతకావడం లేదు. గార్డు తుపాకీ మీద చెయ్యి వేశాడు.

"ఎవరితను? ఏమైంది?"

"మా మేకప్ మ్యాన్. వాళ్ళన్నయ్య పోయాడు."

"అయ్యో! ఎప్పుడు?"

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఇప్పుడే తెలిసింది."

గార్డు తుపాకీ వదిలేసి జేబులో చెయ్యి పెట్టాడు.

చీఫ్ రిపోర్టులో చివరి వాక్యం ఇదీ: శత్రువు నుంచి స్వాధీనం చేసుకున్నది చేతిరుమాలు ఒకటి, ఇంకా ఆరలేదు.