పెత్రొనేలా తుంటి నొప్పి

సెర్వాస్ వచ్చేసరికి అతని గది మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డమూట. నుదుటి మీద గాయం, దాని మీద ఆకుపసరు.

"రాయి ఎవరు వేశారు?" అన్నాడు సెర్వాస్ తాళం తీస్తూ.

"ఎవరైతేనేం. ఊరంతా ఒకే మాట మీదుంది." ఆమె లోపలికి వచ్చి కూడా మూట దించలేదు. పేరు రొఫీనా. "మా వదినకు కుడి పిర్రలో నొప్పి. ఈస్టరు వెళ్ళిన దగ్గర్నుంచీ. సూదులు పొడిచారు, మాత్రలిచ్చారు, తగ్గలేదు. నేనే చేతబడి చేశానంటోంది. ఆదివారం చర్చిలో పూజ అయ్యేసరికి ఇల్లు వదలాలట. మొగుడు పోయినదాన్ని. ఆ పేరు మోసుకుని వెళితే నన్ను ఏ ఊరు రానిస్తుంది?"

"మీ అన్న ఏమంటాడు?"

"ఏమీ అనడు. తల దించుకుంటాడు."

సెర్వాస్ మౌమెరె రేవుపట్నంలో ప్రైవేటు పరిశోధకుడు. అతని వెంటే గదిలోకి వచ్చిన ఎదెల్ అద్దె మోటారుసైకిలు నడుపుతాడు. సెర్వాస్ వెంట తిరగడం మొదలయ్యాక బేరాలు పోయాయి, అయినా అతను మానలేదు. ముగ్గురూ ఆ బండి మీదే కొండ ఊరికి వెళ్ళారు.

పెత్రొనేలా వసారాలో, మగ్గం పక్కన వెదురు మంచం మీద బోర్లా పడుకుని ఉంది. ఆడపడుచును చూసి మొహం తిప్పుకుంది.

"ఎక్కడమ్మా నొప్పి?"

"తుంటి వెనక. లోపల కండ పట్టుకుని మెలిపెడుతున్నట్టు. దీని పనే. పండక్కి కొత్త నడుం పట్టా అల్లి తెచ్చింది. నేనూ మురిసిపోయి, అది కట్టుకునే మగ్గం మీద కూర్చున్నాను. అప్పుడు మొదలైంది."

"మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా?"

"మా బాబాయి పోయినప్పుడు. మైల వారం మగ్గం ముట్టం కదా. ఆ వారం కుంటలేదు."

"రొఫీనా అప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటుంది, నా పక్కనే పడుకుంది." అని పెత్రొనేలా ఆడపడుచు వైపు తల తిప్పింది.

ఎదెల్ సెర్వాస్ చెవిలో అన్నాడు. "పట్టాలోనే ఏదో పెట్టింది సార్. విప్పి చూద్దామా?"

సెర్వాస్ పట్టాను వేళ్ళతో తడిమాడు. నేసేటప్పుడు నడుం వెనక కట్టుకుని పడుగును బిగలాగే తాటాకు అల్లిక, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. "ఇంత శ్రద్ధగా అల్లినదాన్ని విప్పకు," అన్నాడు. దండెం మీద పండక్కి ముందు నేసిన లుంగీ ఉంది. రెండంచులూ తిన్నగా ఉన్నాయి. మగ్గం మీదున్న బట్టకు ఒక అంచు బిగిసి ముడతపడింది, రెండోది వదులు. అతను మగ్గం వైపు వంగాడు.

"ముట్టకండి," అంది పెత్రొనేలా లేచి కూర్చుంటూ. "మగాళ్ళ చెయ్యి పడితే నేత చెడుతుంది."

"చూస్తానంతే."

లైటు వేసి పడుగు కిందకి చూశాడు. నేసేటప్పుడు పాదాలు తన్నిపెట్టుకునే అడ్డకర్ర, దానికి రెండు గుంజల ఆసరా. ఎడమది నల్లగా నున్నబడింది. కుడిది ఇంకా పచ్చగా ఉంది, చెక్కినచోట ఒక సన్నటి గీత.

అప్పుడే రొఫీనా అన్న బ్లాసియుస్ కల్లుకుండతో తోటలోంచి వచ్చాడు. ఇంటికి దూరంగా, కొబ్బరిచెట్టుకు, పందిని రెండు తాళ్ళతో కట్టేసి ఉంచారు.

"బొండం కొట్టుకోవాలి. నీ కల్లుగీత కత్తి ఒకసారి ఇస్తావా?" అన్నాడు సెర్వాస్.

బొండం చెక్కి, నీళ్ళు తాగలేదు. చెక్కినచోటు చూశాడు. కత్తి తిరిగిచ్చేసి, చోద్యం చూడ్డానికి కంచె దగ్గర చేరిన ఊరివాళ్ళను కూడా లోపలికి రమ్మన్నాడు.

"మైల వారంలో రొఫీనా పక్కనే ఉంది, నొప్పి లేదు. మగ్గం లేదు, నొప్పీ లేదు. కాబట్టి చూడాల్సింది మగ్గాన్ని. పండగ తర్వాతి బట్టకు ఒక అంచే బిగిసింది. మనిషి మెలిదిరిగి కూర్చుని నేస్తే అలా వస్తుంది. కుడి గుంజ కొత్తది. రెండు వేళ్ళు దూరంగా పాతారు. అడ్డకర్ర వంకరైంది. ఈమె కుడికాలు సాగదీసి, పట్టా లాగుడంతా ఆ ఒక్క పిర్ర మీదే మోసింది, పొద్దస్తమానం. పడుగు కింద పాదాలు కనపడవు. కూర్చుంటే తేడాగా ఉంది, అది కొత్త పట్టా వల్ల అనుకుంది."

"గుంజ ఎవరు పాతారు?" అంది పెత్రొనేలా.

సెర్వాస్ బొండం చూపించాడు. చెక్కినచోట సన్నటి గీత లేచి ఉంది. "కత్తి అంచున చిన్న నొక్కుంది. గుంజ మీదా ఇదే గీత."

బ్లాసియుస్ కల్లుకుండ కింద పెట్టాడు.

"ఈస్టరు ముందు పెద్దవారంలో మగ్గం ఖాళీగానే ఉంది కదా అని పందిని దానికి కట్టాను. గింజుకుని గుంజ విరగ్గొట్టింది. పాత గుంత పగిలిపోయింది. పక్కన పాతాను. మగాడు మగ్గం ముట్టాడంటే ఊరు నవ్వుతుందని..."

"చెల్లెల్ని రాళ్ళతో కొడుతుంటే కూడానా?" అన్నాడు ఎదెల్.

"పట్టా వల్లే అని నాకు నేను చెప్పుకున్నాను. తాటిచెట్టు ఎక్కిన ప్రతిసారీ గుంజే గుర్తొచ్చేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. రోజు గడిచేకొద్దీ నోరు ఇంకా లేవలేదు."

వచ్చినవాళ్ళలో ఒకామె రొఫీనా నుదుటి గాయం చూసి, మెల్లగా వెనక్కి జరిగి వెళ్ళిపోయింది. ఎవరూ ఆమెను ఆపలేదు.

పెత్రొనేలా లేచింది. కుంటుతూ రొఫీనా మూట దగ్గరికి వెళ్ళి, వంగి, ముడి విప్పబోయింది. ముడి బిగిసి ఉంది.

"వదిలెయ్ వదినా. నేనే విప్పుకుంటాను," అంది రొఫీనా. "వంగితే మళ్ళీ పట్టేస్తుంది."

పెత్రొనేలా మూట పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

బండి కదిలాక ఎదెల్ అడిగాడు. "మొదట ఎక్కడ అనుమానం వచ్చింది సార్?"

"అన్న తల దించుకుంటాడని రొఫీనా అంది చూడు, అక్కడ."

మలుపు దగ్గర ఎదెల్ వెనక్కి చూశాడు. ఊరంతా చూస్తుండగా బ్లాసియుస్ మగ్గం కిందకి దూరి గుంజ పెకలిస్తున్నాడు. ఆడవాళ్ళిద్దరూ మూటకు చెరోవైపు కూర్చుని ఉన్నారు. మూట ఇంకా విప్పలేదు.