ఆయన చెవి

పొద్దున్నే పాలు పొంగే వేళకే ముందుగదిలో సినిమా పాటల యుద్ధం మొదలైంది. ఆవిడ చెవుల్లో దూది కుక్కుకుని స్టవ్ కట్టేసింది. రిటైరైన మొగుడు ఇంట్లో ఉంటే మంచి కాలక్షేపమని ఎవరో అన్నారు. వాళ్ళని ఈ ఇంట్లో ఒక్క పూట కూర్చోబెట్టాలి.

నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన ఆయన, చెక్క కోసి, జిగురు పెట్టి సొంతంగా కట్టుకున్న స్పీకర్లవి. బరువు శబ్దాలు పలికే వూఫరు గోడలు కదిపినా ఆవిడ ఓర్చుకునేది. పైనున్న ట్వీటరుతోనే, సన్నటి శబ్దాలు పలికే ఆ చిన్నదానితోనే ప్రాణసంకటం. నెలకోసారి ఆయన పెట్టె విప్పి, “ఇంకా మూగగానే ఉంది” అంటూ దాని జోరు పెంచేవాడు. ఇదేమిటని అడిగితే, “నీకు సంగీతం చెవి లేదు” అని కొట్టిపారేసేవాడు.

రెండేళ్ళుగా ఆవిడ అడగడమే మానేసింది. ఇవాళ సంచి సర్దుకుంది, అక్క ఇంటికి పోయి ఇక తిరిగి రాకూడదని.

తీసుకెళ్ళడానికి వచ్చిన కూతురు గుమ్మంలోనే చెవులు మూసుకుంది.

“నాన్నా! ఇది పాటా, రంపమా?”

“ఇప్పుడే కుదిరింది తల్లీ! ఎంత మెత్తగా ఉందో విను.”

మెత్తగానా! కూతురు తండ్రి మొహంలోకి చూసింది. తన ఫోను స్పీకర్లకు కలిపి, సన్నటి ఈల లాంటి శబ్దం పెట్టింది. పక్కింటి కుక్క మొరిగింది. ఆవిడ దూది మీద అరచేతులు అదుముకుంది.

“ఊఁ, పెట్టవేం?” అన్నాడాయన.

కూతురు శబ్దం ఆపేసింది. “ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదు నాన్నా?”

చెవినే నమ్ముకుని బతికిన మనిషి. చేతిలోని స్క్రూడ్రైవరు పెట్టె మీద పెట్టేశాడు. “స్పీకర్లే బాగాలేవనుకున్నా,” అన్నాడు.

ఆవిడ దూది పీకి పారేసింది. “నాటకాలు! నేను వంటింట్లోంచి పిలిస్తే పలకనిదీ ఇందుకేనా? మరి ఆ రోజు? మీ వెనకే నిలబడి, రొమ్ములో గడ్డ తగిలింది, పరీక్షకు తోడు రండి అన్నాను. తల కూడా తిప్పలేదు. ఒక్కదాన్నే పోయాను. ఏం లేదని చెప్పేదాకా పది రోజులు ఒక్కదాన్నే చచ్చాను!”

“ఏ గడ్డ?”

ఆయన మొహం పాలిపోయింది. ఆ మొహం అబద్ధమాడటం లేదని ముప్ఫై ఐదేళ్ళు కాపురం చేసిన ఆవిడకు తెలుసు. ఒకసారి చెప్పాను, మళ్ళీ ఎందుకు చెప్పాలన్న పంతంతో రెండేళ్ళు పక్క మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తోచక ఆవిడకు ఏడుపొచ్చింది.

“కాస్త గట్టిగా చెప్పలేకపోయావా?” గొణిగాడాయన.

“అలాంటి మాట ఎవరైనా గట్టిగా చెప్తారా అండీ?”

ఆయన స్పీకర్ల తీగ పీకేసి, స్టూలు లాక్కుని, ఆవిడ పెదాలు కనిపించేంత దగ్గరగా కూర్చున్నాడు.

“ఇప్పుడు చెప్పు.”

ఆవిడ మొదట్నుంచీ చెప్పింది, గట్టిగా, ఏడుస్తూ, తిడుతూ. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా ఆపలేదు.